కేటలాగ్‌లో హైఫన్లు, క్యాపిటల్ అక్షరాలు సరిచేయడానికి పట్టిన పదమూడు వారాలు: నా అనుభవం

జనవరి 6, సోమవారం. ఉదయం మీటింగ్‌లో మా మేనేజర్ గారు మా వెబ్‌సైట్‌ని తెర మీద పెట్టి, ఎడమ పక్కనున్న ఫిల్టర్ చూపించారు. టిక్ పెట్టుకునే ఆ జాబితాలో 'వై-ఫై' అన్న ఒక్క మాటే ఏడు రకాలుగా ఉంది. ఒకచోట మధ్యలో గీత, ఒకచోట ఖాళీ, ఒకచోట రెండు ముక్కలూ కలిపేశారు. మళ్లీ వాటిలోనే కొన్ని మొత్తం పెద్ద అక్షరాలు, కొన్ని మొత్తం చిన్నవి, కొన్నిటికి మొదటిది మాత్రం పెద్దది. ఒక్కోదాని పక్కన ఒక్కో సంఖ్య: 212, 96, 41, ఇలా. కొనడానికి వచ్చినవాళ్లు పైదానికి టిక్ పెడితే మిగతా ఆరింటి కింద ఉన్న సరుకు వాళ్లకి కనబడనే కనబడదు. "ఇది కాస్త సరిచెయ్యమ్మా, వారం చాలుతుందా?" అన్నారు. చాలు సార్ అన్నాను.

ఆ పని ఏప్రిల్ 7న ముగిసింది.

మా దగ్గర ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు, కేబుళ్లు, చార్జర్లు, చిన్న చిన్న పనిముట్లు కలిపి 18,400 వస్తువులున్నాయి. ఒక్కోదానికి 31 కాలమ్‌లు. 43 మంది సప్లయర్లు ఏళ్ల తరబడి పంపిన ఫైళ్లని ఒకదాని కింద ఒకటి అతికిస్తూ పోగా తయారైన డేటా అది. ఇలాంటి పనికి దిగబోయేవాళ్లకి ముందే తెలియాల్సినవి నాకు చాలా ఆలస్యంగా తెలిశాయి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి తప్పు మర్నాడే చేశాను. స్ప్రెడ్‌షీట్‌లో 'ప్రాపర్' అనే ఫంక్షన్ ఉంటుంది. ప్రతి పదంలో మొదటి అక్షరాన్ని పెద్దది చేసి మిగతావాటిని చిన్నవి చేస్తుంది. దాన్ని పేర్ల కాలమ్ మొత్తానికి పెట్టేశాను. పది నిమిషాల్లో 18,400 పేర్లు మారిపోయాయి. ఇంత తేలికా అనుకుంటూ సేవ్ చేసి, ఫైల్ మూసి, టీ తాగి వచ్చి పైనుంచి చదవడం మొదలుపెట్టాను. యూఎస్‌బీలో యూ ఒక్కటే పెద్దదిగా మిగిలింది. ఎల్‌ఈడీదీ అదే గతి. ఐఫోన్ కవర్లన్నిటిలో చిన్న ఐ పెద్దదై, పెద్ద ఎఫ్ ఉండాల్సిన చోట ఏదో... కాదు, అందులో పీ పెద్దది, అది చిన్నదైపోయింది. ఆ టెన్షన్‌లో ఏది సరైనదో నాకే తికమకగా ఉండేది. పురుషుల వాచీ పట్టీల పేర్లలో అపాస్ట్రఫీ తర్వాతి ఎస్ పెద్దదైంది, ఎందుకంటే అక్షరం కానిది ఏది తగిలినా దాని తర్వాతి అక్షరాన్ని ఆ ఫంక్షన్ పెద్దది చేస్తుంది. అంకె తగిలినా అంతే. అలా మిల్లీమీటర్లకి రాసే రెండు చిన్న ఎమ్‌లలో మొదటిది పెద్దదైంది. కొలతల లెక్కలో అది మెగామీటర్, అంటే వెయ్యి కిలోమీటర్లు.

వెనక్కి వెళ్లడానికి దారి లేదు. పెద్ద అక్షరాల్ని చిన్నవి చేయడం ఏ ఫంక్షన్‌కైనా వచ్చు. ఇంతకుముందు ఏవి పెద్దవిగా ఉండేవో చెప్పే ఫంక్షన్ లేదు. శనివారం రాత్రి బ్యాకప్ ఒకటి ఉండబట్టి బతికాను. ఆ తర్వాత చేర్చిన 64 వస్తువులు అందులో లేవు, వాటిని చేత్తో మళ్లీ ఎక్కించాను. రెండు రోజులు పోయాయి. అప్పటినుంచి పాత విలువ ఉన్న కాలమ్‌ని అలాగే ఉంచి, సరిచేసిన విలువకి పక్కనే ఇంకో కాలమ్ పెట్టుకున్నాను. ఈ ఒక్క అలవాటు తర్వాత నన్ను ఎంత కాపాడిందో ముందుకెళ్లాక చెబుతాను.

జనవరి 9 నుంచి 17 దాకా ఏదీ మార్చలేదు, లెక్కపెట్టాను అంతే. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక నంబరు ఉంటుంది. గీత కనబడిన ప్రతిచోటా, ఆ నంబరు చెప్పే 'యూనికోడ్' ఫంక్షన్ పెట్టి చూశాను. మనం కీబోర్డు మీద కొట్టే మామూలు హైఫన్ నంబరు 45. మా డేటాలో అది కాక ఇంకో ఐదు గీతలు బయటపడ్డాయి. 8211 అంటే ఎన్ డ్యాష్. వర్డ్‌లో రెండు పదాల మధ్య ఖాళీ వదిలి హైఫన్ కొడితే అదే దాన్ని ఈ పొడుగు గీతగా మార్చేస్తుంది, టైప్ చేసినవాళ్ల తప్పేం లేదు. 8212 ఇంకా పొడుగుది. 8209 వరుస చివర విరగని హైఫన్. 8722 లెక్కల్లో వాడే మైనస్. ఐదోది 173, సాఫ్ట్ హైఫన్. అది కంటికి కనబడదు. వరుస చివర పదం విరిగినప్పుడు మాత్రమే గీతగా బయటకి వస్తుంది. పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేసిన వివరణల్లో ఇవి చాలా ఉన్నాయి. 'అడాప్టర్' అన్న మాట నా కళ్లెదుట సరిగ్గానే ఉంది, వెతికితే మాత్రం దొరకడం లేదు. ఒక మధ్యాహ్నమంతా ఆ ఒక్క వరుసని చూస్తూ కూర్చున్నాను. ఖాళీల్లో కూడా 160 నంబరు ఖాళీ ఒకటుంది. మామూలు ఖాళీలు తీసేసే 'ట్రిమ్' ఫంక్షన్ దాన్ని ముట్టుకోదు.

ఇదంతా అందం కోసం చేసే పని అని అప్పటిదాకా నా మనసులో ఉండేది. జనవరి 16న గోడౌన్‌కి వెళ్లాక ఆ అభిప్రాయం పోయింది. అక్కడ సరుకు చూసే పెద్దాయన ఒక నోటుబుక్ తీసి చూపించారు. అందులో 38 కోడ్‌లు వరుసగా రాసి ఉన్నాయి. "అమ్మా, ఇవి అరలో ఉన్నాయి. స్కాన్ చేస్తే లేవంటుంది" అన్నారు. డబ్బా మీది బార్‌కోడ్‌లో ఉన్నది 45 నంబరు గీత, మా కేటలాగ్‌లో ఉన్నది 8211. మనిషి కంటికి రెండూ ఒకటే, స్కానర్‌కి కాదు. మూడు వారాలుగా ఆయన ఆ 38 వస్తువుల్నీ పుస్తకంలో రాసుకుని, అరలన్నీ తిరిగి చేత్తో వెతికి పంపుతున్నారట. ఎవరికీ చెప్పలేదేమండీ అంటే, "మెషిన్ పాతదైంది అనుకున్నానమ్మా" అన్నారు. నాకు చాలా బాధేసింది. మేడ మీద మేము అందం గురించి మాట్లాడుకుంటుంటే కింద ఒక మనిషి ఆ గీతల వల్ల రోజూ నడుస్తున్నాడు.

నియమాల మీద మొదటి మీటింగ్ జనవరి 20న. గంట అనుకున్నది మూడు గంటలు పట్టింది. ఫిబ్రవరి 7 లోపు మొత్తం ఆరు మీటింగులు జరిగాయి. మార్కెటింగ్ వాళ్లకి పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో కావాలి, అలా అయితేనే కంటికి ఆనతాయని. గూగుల్‌లో మన సరుకు కనబడటానికి వివరాలు ఇచ్చే చోటైన గూగుల్ మర్చంట్ సెంటర్ నియమాలు చూపించాను. పేరు 150 అక్షరాలు దాటకూడదు, మొత్తం పెద్ద అక్షరాల్లో రాయకూడదు అని అందులో ఉంది. అయినా బ్యానర్లలో కావాల్సిందే అన్నారు. తర్వాతి మీటింగుల్లో ఒకసారి, అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న వెబ్ డెవలపర్ అన్నాడు: "డేటాలో మామూలుగా ఉంచండి మేడమ్. పేజీలో పెద్ద అక్షరాలుగా చూపించడానికి, పేజీ ఎలా కనబడాలో చెప్పే స్టైల్ షీట్‌లో ఒక్క లైన్ చాలు." దాచుకునే రూపం వేరు, చూపించే రూపం వేరు. ఆ మాటతో సగం గొడవలు ఆ రోజే తీరాయి. ఈ విషయం మొదటి మీటింగ్‌లోనే ఎవరైనా చెప్పి ఉంటే రెండు వారాలు కలిసొచ్చేవి.

హైఫన్ల గొడవ మాత్రం అంత తొందరగా తేలలేదు. 'స్టెయిన్‌లెస్ స్టీల్' అన్న మాటనే తీసుకోండి. ఇంగ్లీషులో అది విడిగా వస్తే మధ్యలో గీత ఉండదు, ఇంకో మాట ముందు విశేషణంగా వస్తే గీత పెట్టేవాళ్లున్నారు. రోజుకి రెండు వందల వస్తువులు ఎక్కించే డేటా ఎంట్రీ అమ్మాయికి ఈ తేడా చెప్పి, ప్రతిసారీ ఆలోచించుకుని పెట్టమనడం న్యాయం కాదు. రెండు మీటింగులు దీనికే పోయాయి. ఒకరు ఒక డిక్షనరీ తెరిస్తే, ఇంకొకరు ఇంకోటి తెరిచారు. నాలుగో మీటింగ్‌లో నేను ఒక సంగతి ముందు పెట్టాను. షార్టర్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 2007 కూర్పులో దాదాపు 16,000 పదాల్లోంచి హైఫన్లు తీసేశారు. అమెరికా వార్తా సంస్థ ఏపీ కూడా తన స్టైల్‌బుక్‌లో ఈ-మెయిల్‌కి ఉన్న గీతని 2011లో తీసేసింది. డిక్షనరీలే మార్చుకుంటున్నప్పుడు ఏది సరైనదో మనం తేల్చలేం, మనం ఏది వాడాలో మాత్రం తేల్చుకోగలం అన్నాను. గదిలో వేడి తగ్గింది. ఆ రోజు నుంచి నియమం రాసే ప్రయత్నం మానేసి జాబితా రాశాం. మా సరుకులో నిజంగా కనబడే మాటలు ఏరి, ఒక్కోదానికి ఒక్క రూపం. మొత్తం 162 మాటలు వచ్చాయి. వ్యాకరణం తెలియక్కర్లేదు, జాబితాలో చూసి రాస్తే చాలు. ఈ పని మళ్లీ చేయాల్సి వస్తే మొదటి రోజే జాబితాతో మొదలుపెడతాను.

బ్రాండు పేర్లకి ఒకే మాట అనుకున్నాం: పేరు ఎవరిదో వాళ్లు ఎలా రాసుకుంటే అలా. వై-ఫైకి గీత ఉంటుంది, రెండు ముక్కల మొదటి అక్షరాలూ పెద్దవి.

కొలతల మీద ఓటింగ్ లేదని ముందే చెప్పేశాను. అవి మా ఇష్టం కాదు. కిలోకి చిన్న కే. మనుషుల పేర్ల మీద వచ్చిన ప్రమాణాల గుర్తులకి, అంటే వాట్, వోల్ట్, ఆంపియర్, హెర్ట్జ్ లాంటివాటికి, పెద్ద అక్షరం. అంకెకీ గుర్తుకీ మధ్య ఖాళీ ఉండాలి, గీత కాదు. లీటరుకి మాత్రం చిన్న ఎల్ అయినా పెద్ద ఎల్ అయినా సరే. చిన్న ఎల్ '1' అంకెలా కనబడుతుందని పెద్దదాన్ని 1979లో అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు, మేమూ అదే తీసుకున్నాం. ఇది పట్టింపు అనుకునేవాళ్లకి నేను చూపించిన ఉదాహరణ ఒక లేజర్ పాయింటర్. దాని శక్తి 5 మిల్లీవాట్లు. సప్లయర్ ఫైల్ మొత్తం పెద్ద అక్షరాల్లో రావడంతో చిన్న ఎమ్ పెద్ద ఎమ్ అయి, మా పేజీలో అది 5 మెగావాట్లు అయింది. వంద కోట్ల రెట్ల తేడా, ఒక్క అక్షరంలో. ఆ పేజీ రెండేళ్లుగా అలాగే ఉంది. బైట్‌కి పెద్ద బీ, బిట్‌కి చిన్న బీ అన్నదీ ఇలాంటిదే, ఎనిమిది రెట్ల తేడా.

ఇంకొకటి తేలనిది ఉష్ణోగ్రత. ఒక పరికరం మైనస్ 10 నుంచి 40 డిగ్రీల దాకా పనిచేస్తుంది అనడానికి రెండు గీతలూ ఒకేలా రాసి ఉన్నాయి. మొదటిది మైనస్, రెండోది 'నుంచి'. ఇంకో వరుసలో మూడు గీతలు. ఏది ఏదో చదివినవాళ్లు ఊహించుకోవాలి. ఆ కాలమ్‌నే రెండుగా చీల్చి, కనిష్ఠం ఒకదాంట్లో, గరిష్ఠం ఒకదాంట్లో పెట్టాం. గీత సమస్యని గీతతో కాకుండా తీర్చిన చోటు అదొక్కటే.

ఫిబ్రవరి 10న శుభ్రం చేయడం మొదలైంది. ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. ఒకేలాంటి మాటల్ని గుంపులుగా చేసి చూపిస్తుంది, ఇవన్నీ ఒకటే అని మనం ఒప్పుకుంటే ఒక రూపానికి మారుస్తుంది. దాని 'ఫింగర్‌ప్రింట్' పద్ధతి అన్నీ చిన్న అక్షరాలు చేసి, గీతలూ చుక్కలూ తీసేసి, పదాల్ని అక్షర క్రమంలో పేర్చి పోలుస్తుంది. గీత ఉన్న వై-ఫై, కలిపి రాసిన వైఫై దాంట్లో ఒకటవుతాయి. మధ్యలో ఖాళీ ఉన్నది కలవదు. ఖాళీల్ని కూడా తీసేసి పోల్చే 'ఎన్-గ్రామ్' పద్ధతి పెడితే మూడూ కలుస్తాయి. మొదటిసారి ఏడు వై-ఫైలూ ఒకే గుంపులో కనబడినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. నాలుగు రోజుల్లో తొమ్మిది కాలమ్‌లు అయ్యాయి.

ఆ ఊపులో ఫిబ్రవరి 19న మోడల్ నంబర్ల కాలమ్‌కి కూడా అదే పద్ధతి పెట్టాను. గుంపులు చాలా వచ్చాయి. పై పదిహేనూ చూశాను, అన్నీ సరిగ్గా ఉన్నాయి, అన్నిటికీ టిక్ పెట్టి కలిపేశాను. గోడౌన్ వాళ్ల 38 కోడ్‌ల బాధ త్వరగా తీరాలని ఆ ఒక్క కాలమ్‌ని మిగతావాటికంటే ముందే వాళ్లకి పంపాను కూడా.

ఫిబ్రవరి 26న పెద్దాయన ఫోన్ చేశారు. రెండు రకాల కనెక్టర్లకి ఒకే కోడ్ వస్తోందన్నారు. ఒకటి 'కే1-12', ఇంకోటి 'కే11-2'. గీత తీసేస్తే రెండూ 'కే112'. వై-ఫైలో గీత ఉన్నా లేకపోయినా మాట అదే. ఇక్కడ గీత ఎక్కడుందన్నదే మాట. అలాంటి జంటలు మొత్తం 14 దొరికాయి. ఆ ఏడు రోజుల్లో 11 పార్సిళ్లు తప్పు సరుకుతో వెళ్లాయి. ఓపెన్‌రిఫైన్ చేసిన ప్రతి పనినీ చరిత్రగా దాచుకుంటుంది కాబట్టి డేటాని వెనక్కి తేవడానికి ఇరవై నిమిషాలు చాలింది. పార్సిళ్లని వెనక్కి తెచ్చి సరైనవి పంపడానికి తొమ్మిది రోజులు పట్టింది. రవాణా ఖర్చు రెండుసార్లు, గోడౌన్‌లో ఇద్దరికి రెండు రోజుల పని. ఆ పదకొండు మందిలో ఒకరు వాళ్ల మెషిన్ ఆగిపోయి ఆ భాగం కోసమే ఎదురుచూస్తున్నారని తెలిసింది. ఆయనకి నేనే ఫోన్ చేసి క్షమించమని అడిగాను. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఆ రోజు సాయంత్రం 31 కాలమ్‌ల జాబితా ప్రింట్ తీసి, ముట్టుకోకూడని వాటికి ఎర్ర గీత పెట్టాను. మోడల్ నంబర్, పార్ట్ కోడ్, సప్లయర్ కోడ్, జీటీఐఎన్ (బార్‌కోడ్‌లో ఉండే అంతర్జాతీయ వస్తువు నంబరు), ఫోటో ఫైల్ పేరు, పేజీ చిరునామా. ఈ ఆరింటిలో గీత గానీ అక్షరం సైజు గానీ అలంకారం కాదు, వస్తువు గుర్తింపే అది. వీటిలో తప్పుంటే డబ్బా చేతిలో పట్టుకుని ఒక్కొక్కటే చూసి మార్చాలి. 38 కోడ్‌లనీ అలాగే మార్చాం, ఆయన చదువుతుంటే నేను టైప్ చేశాను. గంటన్నర పట్టింది. ఆరు వారాల ముందే ఆ గంటన్నర కూర్చుని ఉంటే సరిపోయేది. ఏ నియమం పెట్టాలన్నదానికంటే ముందు, ఏ కాలమ్‌కి నియమం పెట్టకూడదో తేల్చుకోవాల్సిందని అప్పుడు తెలిసింది.

ఆ ఎర్ర గీతల కింద ఇంకో రకం నష్టం కూడా బయటపడింది. కంప్యూటర్ డబ్బాల్లో వాడే 6-32 సైజు స్క్రూలు స్ప్రెడ్‌షీట్‌లో 'జూన్ 1932' అయి కూర్చున్నాయి. 4-40 సైజువి 'ఏప్రిల్ 1940'. ఇలాంటి అంకెల మధ్య హైఫన్ చూడగానే ఎక్సెల్ అది తేదీ అనుకుంటుంది. ఇది మాకొక్కరికే కాదు. మానవ జన్యువులకి పేర్లు పెట్టే కమిటీ 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చేసింది, ఎక్సెల్ వాటిని తేదీలుగా మారుస్తోందని. మేము స్క్రూల సైజు మార్చలేం కాబట్టి, ఫైల్ తెరిచే ముందే ఆ కాలమ్‌లని 'టెక్స్ట్' అని చెప్పి తెరవడం అందరికీ నేర్పాం. జీటీఐఎన్‌ల మొదట్లో ఎగిరిపోయిన సున్నాలు కూడా దాంతోనే ఆగాయి.

తెలుగు పేర్ల కాలమ్ గురించి వేరే చెప్పాలి. 2,300 వస్తువులకి తెలుగు పేర్లున్నాయి. మన లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న తేడాయే లేదు కదా, ఇది ఒక్క పూట పని అనుకున్నాను. 'పవర్ బ్యాంక్' విడిగా, గీతతో, కలిపి, మూడు రకాలుగా ఉంది. అది ఊహించిందే. ఊహించనిది 8204. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా మధ్యలో పెట్టే, కంటికి కనబడని గుర్తు అది. 'హెడ్‌ఫోన్' అన్న మాటలో డ్ తర్వాత అది ఉంటే ఇలా కనబడుతుంది, లేకపోతే 'హెడ్ఫోన్' అని ఫ కిందకి దిగిపోతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. ఫిబ్రవరి 20న కనబడని గుర్తులన్నీ తీసేసే చిన్న స్క్రిప్ట్ నడిపినప్పుడు, సాఫ్ట్ హైఫన్లతో పాటు ఇవి కూడా పోయాయి. 640 తెలుగు పేర్లు ఒత్తులతో ఇరుక్కుపోయాయి. ఇంగ్లీషు కాలమ్‌లో చెత్త అనిపించినది తెలుగు కాలమ్‌లో కావాల్సిన గుర్తు. పక్కన దాచిన పాత కాలమ్ ఉంది కాబట్టి అరగంటలో తిరిగి వచ్చాయి. ఆ తర్వాత తెలుగు పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదివి సరిచేయడానికి ఇద్దరికి నాలుగు రోజులు పట్టింది. దానికి దగ్గర దారి ఏదీ దొరకలేదు.

మార్చి 3న పరీక్ష సైట్‌లో పెట్టాం. డెవలపర్ కంప్యూటర్‌లో అంతా బాగుంది. సర్వర్ మీద 370 ఫోటోలు మాయం. నేను ఫిబ్రవరి 14న, ఎర్ర గీతలు పెట్టకముందు, ఫోటో ఫైల్ పేర్లని చిన్న అక్షరాలు చేసి ఉన్నాను. అతని విండోస్ మెషిన్‌కి పెద్ద అక్షరమైనా చిన్నదైనా ఒకటే ఫైల్. లినక్స్ సర్వర్‌కి అవి రెండు వేర్వేరు ఫైళ్లు. పాత కాలమ్ మళ్లీ ఆదుకుంది. పేజీ చిరునామాలు పేరు నుంచి తమంతట తామే తయారవుతాయని, పేరు మారితే అవీ మారతాయని కూడా అప్పుడే తెలిసింది. పాత చిరునామాకి వచ్చినవాళ్లని కొత్తదానికి శాశ్వతంగా మళ్లించే 301 ఏర్పాటుకి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

మార్చి 10 రాత్రి అసలు సైట్ మారింది. ఫిల్టర్‌లో వై-ఫై ఒక్కటే, పక్కన 403. ఫోటో తీసి మేనేజర్ గారికి పంపాను.

మర్నాటి నుంచి వెతుకులాటలో 'ఏమీ దొరకలేదు' అన్న జవాబులు పెరిగాయి. పెరగడం అంటే, మూడు రోజులు వరసగా మామూలుకంటే రెట్టింపు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అంతా ఒక పద్ధతిలో పెట్టాక ఇలా ఎందుకవుతుంది? కారణం డెవలపర్ కనిపెట్టాడు. మా సెర్చ్ గీత దగ్గర మాటని రెండు ముక్కలు చేసి దాచుకుంటుంది. ఎవరైనా గీత లేకుండా కలిపి కొడితే అది మూడో మాట, దేనితోనూ కలవదు. ఇంతకుముందు అస్తవ్యస్తంగా ఉన్నప్పుడు, ఎవరు ఎలా కొట్టినా అలాగే తప్పుగా రాసిన వరుసలు కొన్ని ఉండేవి, వాళ్లకి ఏదో ఒకటి దొరికేది. నేను ఆ దారులన్నీ మూసేశాను.

నేను తప్పులు అనుకుని తీసేసినవి జనం నిజంగా టైప్ చేసే మాటలు. పాత కాలమ్ నుంచి ఆ రూపాలన్నీ ఏరి, ఒక్కోదాన్ని దాని సరైన మాటకి పర్యాయపదంగా సెర్చ్‌కి ఇచ్చాం. 162 మాటలకి 590 రూపాలు వచ్చాయి. మార్చి 14 శుక్రవారం సాయంత్రానికి అంకెలు మామూలుకి వచ్చాయి, తర్వాతి వారంలో ముందుకంటే తగ్గాయి. పాత కాలమ్ చెరిపేసి ఉంటే ఆ 590 ఎక్కడి నుంచి తెచ్చేదాన్నో తెలియదు.

మార్చి 17న 43 మంది సప్లయర్లకీ జాబితా, రెండు పేజీల ఉత్తరం పంపాం. నెలాఖరుకి 19 మంది సరే అన్నారు. 11 మంది రెండు గీతలకీ తేడా ఏమిటని అడిగారు. వాళ్లతో ఫోన్‌లో మాట్లాడి, ఫైల్ తెరిపించి, నంబరు చూపిస్తే ఐదు నిమిషాల్లో అర్థమైంది. మిగతా 13 మంది నుంచి జవాబు లేదు. అందుకని వచ్చే ఫైల్‌ని ఎక్కించే చోటే తనిఖీ పెట్టాం. అది తనంతట తాను ఏదీ మార్చదు, తేడా ఉన్న వరుసని పసుపు రంగులో చూపించి ఆగుతుంది. మార్చేది మనిషే. దీని మీద కూడా కొంత వాదన నడిచింది. తానే మార్చేస్తే పని తగ్గుతుంది కదా అన్నారు. కే1-12 కథ చెప్పాక ఎవరూ అడగలేదు. మొదటి ఫైల్‌లో 412 పసుపు వరుసలు వచ్చాయి, మూడో వారం వచ్చిన ఫైల్‌లో 27.

ఖర్చు అడిగేవాళ్ల కోసం: సాఫ్ట్‌వేర్‌కి ఏమీ కాలేదు. నావి దాదాపు 340 గంటలు, డెవలపర్‌వి తొమ్మిది రోజులు, డేటా ఎంట్రీలో ఇద్దరివి మూడు వారాలు, మీటింగుల్లో కూర్చున్న ఏడుగురి సమయం, పదకొండు పార్సిళ్ల రానుపోను ఖర్చు. గూగుల్‌లో పాత చిరునామాలు కనబడటం పోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ సైట్‌కి వచ్చేవాళ్లు కొంచెం తగ్గారు, తర్వాత కోలుకుంది. ఇది ముందే మేనేజర్‌కి చెప్పి పెట్టుకోవడం మంచిది, నేను చెప్పలేదు.

ఏప్రిల్ 7న పని అయిపోయినట్టు మెయిల్ పెట్టాను. రెండు రోజులకి గోడౌన్ పెద్దాయన కబురు చేశారు. కొత్త సరుకు వచ్చింది, డబ్బా మీద మోడల్ నంబరులో గీత ఉంది, లోపల పరికరం అడుగున అంటించిన లేబుల్ మీద లేదు. "ఏది రాయమంటావమ్మా?" అన్నారు. కిందకి వెళ్లి, ఇద్దరం డబ్బా విప్పి చూశాం. తయారుచేసిన కంపెనీ పత్రంలో గీత ఉంది. దాన్ని కోడ్ కాలమ్‌లో పెట్టి, గీత లేనిదాన్ని సెర్చ్‌కి ఇచ్చాను. పైకి వచ్చి జాబితాలో 163వ వరుస చేర్చాను.